స్ప్రింగు డబ్బా

వనపర్తి ఇంజనీరింగ్ కాలేజీలో రాకెట్టు జట్టుకు దినేష్ నాయకుడు. నాయకుడంటే, జట్టులోనే ఉన్న సౌందర్య లెక్కలో, టీషర్టు మీద ఎవరి పేరు పెద్దగా ఉండాలో తేల్చేవాడు. ఆరడుగుల రాకెట్టుకు మూడుసార్లు రంగు మార్పించాడు గానీ, లోపల పేలోడ్ అరలోకి ఒక్కసారీ తొంగిచూడలేదు. ఆ అర సౌందర్యది. ఎత్తు కొలిచే పరికరం, పైకి చేరాక పారాచూట్‌ను విడిపించే సర్క్యూట్, వాటికో బ్యాటరీ. బ్యాటరీకి తీగలు టంకం వేసి, గట్టిగా బిగించి, పరీక్షకని ఆ అరను బైకుకు కట్టుకుని కొత్తకోట దాకా గతుకుల్లో తిప్పి తెచ్చింది. ఒక్క తీగ ఊడలేదు.

కోడేరు దగ్గర బీడు పొలంలో, ప్రయోగానికి గంట ముందు మూత తీసి చూస్తే టంకం తెంపేసి ఉంది. బ్యాటరీ స్ప్రింగు డబ్బాలో కూర్చుంది, టీవీ రిమోట్‌లో లాగా.

"ఎవరు మార్చిన్రు?"

"నేనే," అన్నాడు దినేష్. "అయిపోతె టక్కున మార్చుకోవచ్చు. గింతదానికి పరేషాన్ ఎందుకు?"

"రాకెట్టు లేస్తుంటె ఆ ఊపుకు స్ప్రింగు నొక్కుకపోతది. జరసేపు కరెంటు పోయినా సర్క్యూట్ మళ్ల మొదటికొస్తది. పారాచూట్ తెర్సుకోదు."

"నీకన్నీ అనుమానాలే," అని కెమెరా వైపు తిరిగి జుట్టు సవరించుకున్నాడు.

జట్టును చూసుకునే చంద్రశేఖర్ సార్ నాలుగడుగుల దూరంలో కుర్చీలో ఉన్నారు. ఆయనతో ఒక్క మాటంటే ప్రయోగం ఆగేది. సౌందర్య అనలేదు. కూలనీ, వీడియోలోనే కూలనీ అనుకుంది. మూత బిగించి, చేతులు కట్టుకుని నిలబడింది.

రాకెట్టు నిప్పులు కక్కుతూ లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. పైకెళ్లి ముక్కు తిప్పుకుని, పారాచూట్ లేకుండా నిలువునా దిగి, రెండు పొలాల అవతల వేరుశనగ చేలో పాతుకుపోయింది. దినేష్ నోరు తెరుచుకుని ఉండటం చూసి సౌందర్యకు హాయిగా అనిపించింది. ఆ హాయి చేను దాకానే.

అక్కడ కలుపు తీస్తున్న ఈదమ్మ రాకెట్టుకు పదడుగుల దూరంలో చతికిలబడి వణుకుతోంది. చుట్టుపక్కల వాళ్లను దూరం పంపే పని దినేష్‌దే. మైకులో ఒకసారి అరిచి ఊరుకున్నాడు.

"చిన్న టెక్నికల్ ప్రాబ్లమమ్మా," అన్నాడు.

"చిన్నది కాదు. గిట్లయితదని ముందే చెప్పిన," అంది సౌందర్య.

ఈదమ్మ ఆమెను కింది నుంచి పైదాకా చూసింది. "నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే."

"వానికైతె తెలివి లేదు. ఎరుకుండి ఎగరనిచ్చినవ్, నువ్వేం మనిషివే?" అని పక్కకు ఉమ్మేసి, కొంగు దులుపుకుని లేచింది.



మర్నాడు సౌందర్య నివేదికలో స్ప్రింగు డబ్బా గురించి, దాన్ని పెట్టినవాడి గురించి రాసింది. కింద ఇంకో వాక్యం చేర్చింది: "లోపం నాకు తెలుసు. సార్‌కు చెప్పలేదు."

"గీ ముక్క ఎందుకమ్మా, కొట్టెయ్యి," అన్నారు చంద్రశేఖర్ సార్.

"ఉండనీయండి సార్."

దినేష్ ఆ వాక్యం చదివి, గెలిచినవాడిలా నవ్వాడు. వాడి మీద ఆమెకున్న చులకన రవ్వంత కూడా తగ్గలేదు. కాగితం కింద తన సంతకం పెట్టి, పెన్ను వాడి చేతికిచ్చింది.