గుడ్ల బండి మీద ఇనుప రాడ్డు

నాచారం ఫ్యాక్టరీల సందులో గుడ్ల బండి పెట్టుకుని బతికే రాణి భర్త ఎల్లయ్య గుండె ఆగి చనిపోయి ఇంకా నెల కాలేదు. ఆ పొద్దున మరిది మహిపాల్ ఒక చేతిలో పేపరు, ఇంకో చేతిలో ఇనుప రాడ్డుతో కోపంగా ఊగిపోతూ వచ్చాడు.

"రోజూ గుడ్డు తింటే గుండె ఆగుతదట! సూడు, ఎంత పెద్దక్షరాల్ల రాసిన్రో. మా అన్నను తినవెట్టి సంపినవ్ గదనే!"

మొదటి దెబ్బకు ట్రేల్లోని గుడ్లన్నీ పగిలి సొన కారింది. రెండో దెబ్బకు రాణి భుజం ఎముక చిట్లింది. మూడోసారి రాడ్డు తల మీదికి లేస్తే, ఆమె రెండో చేత్తో ఒడిసి పట్టుకుంది.

"మీ అన్న గుడ్డు ముట్టిండా ఎన్నడన్న? గుండెజబ్బుల సర్వేకని ఓ పిల్ల వచ్చి ఏం తింటరు, బీడీ తాగుతరా అని అడిగితే, పెండ్లాం అమ్మేటివి తిననంటే ఇజ్జత్ పోతదని రోజుకు రెండని రాయించిండు. బీడీ ముట్టనన్నడు. పక్కనే నిలవడి నవ్వినవ్ గద నువ్వు! గసుంటి మాటలే లెక్కగట్టి పేపర్ల ఏసిన్రు. గుడ్డే కారణమని చెప్పలేమని కింద సిన్నక్షరాల్ల ఉన్నది. సదివినవా?"

మహిపాల్ చదవలేదు. ఆ నవ్వు మాత్రం గుర్తుంది. అన్నకు రోజూ రెండు కట్టల బీడీలు తెచ్చిచ్చింది తనే.

రాడ్డు జారి సొనలో పడింది. "వదినా, దవాఖానకు పోదాం పా," అని చెయ్యి చాచాడు.

రాణి ఆ చెయ్యి అందుకోలేదు. భుజం అదిమి పట్టుకుని, ఉప్పల్ వైపు పోయే ఆటో ఒంటరిగా ఎక్కింది. మళ్లీ అత్తింటి గడప తొక్కలేదు.