కోటుకు రెండో చెయ్యి

పొద్దున బల్ల దగ్గర నిలబడేసరికి కటింగ్ మాస్టరు దగ్గరున్న సరుకంతా ఇంతే: పన్నెండంగుళాల కత్తెర, సుద్దముక్క, ముప్పై ఏళ్ల పేరు, లెక్కకు పనికొచ్చే కన్ను ఒకటి. ఆ కన్నులోనూ ఆర్నెల్లుగా పొగ కమ్ముతోంది. ఆ సంగతి పెళ్లాంతో కూడా అనలేదు. పోయినవారం ఒక చొక్కా కాలరు వంకరపోయినప్పుడు యజమాని అరవలేదు. ఇంకొక్కటి పాడైతే బల్ల ఖాళీ చెయ్యమన్నాడు, అంతే.

ఇవాళ్టి పని నల్ల ఉన్ని కోటు. గుడ్డ తెచ్చినవాడు తక్కువ కొన్నాడు. మడతపెట్టి కత్తిరించే వీలు లేదు, ఒక్కో ముక్కా విడిగా తీయాలి. సాయంత్రం ఐదింటికి తొడిగి చూసుకోవడానికి వస్తాడు.

కిటికీ పక్క మిషను అతని బావమరిదిది. ఫ్యాను ఎటు తిరగాలన్నది ఇద్దరికీ ఇరవై ఏళ్ల గొడవ. గాలికి కాగితం నమూనాలు ఎగిరిపోతాయంటాడు మాస్టరు. తన చెమటకు గుడ్డ తడిసిపోతుందంటాడు బావమరిది. ఏ రోజైనా ఈ పోట్లాట లేకపోతే ఇద్దరికీ మధ్యాహ్నం అన్నం సహించదు.

కత్తెర ఉన్నిలోకి దిగే చప్పుడంటే మాస్టరుకు ప్రాణం. వెనక భాగం, ముందు భాగాలు చక్కగా వచ్చాయి. ఒక చెయ్యి తీశాడు. రెండో చేతికి నమూనాను బోర్లా తిప్పి, గీత గీసి కత్తిరించాడు. భోజనాల వేళకు ముక్కలు జతచేస్తుంటే బొటనవేలికి తేడా తగిలింది. నమూనాతో పాటు గుడ్డ కూడా తిరగబడింది. నలుపు మీద నలుపు, కన్ను పట్టుకోలేదు. రెండూ కుడి చేతులే. మిగిలిన గుడ్డ జేబు మూతకు కూడా చాలదు.

ముందుగదిలో యజమాని ఎవరికో కొలతలు తీస్తూ నవ్వుతున్నాడు. మాస్టరు ముక్కలను మిషను మీద పెట్టి నిలబడ్డాడు. బావమరిది రెండు చేతులనూ ఒకదాని మీద ఒకటి పరిచి చూశాడు.

"ఎడం చెయ్యి వచ్చే జన్మలో ఇస్తావా బావా?" అన్నాడు మెల్లగా.

వెలుతురు చాల్లేదని గొణిగాడు మాస్టరు.

"కన్ను సంగతి నాకు తెలుసులే. నాలుగు నెల్లుగా నీ కాలర్లు నేనే సరిచేస్తున్నా. పోయినవారం నాకు జ్వరం, ఆ ఒక్కటీ దొరికిపోయింది."

"మీ అక్కకి చెప్పావా?"

"చెప్తే రేపట్నుంచి వీధి దాటడానికి కూడా నీ చెయ్యి పట్టుకుంటుంది. ఈ వయసులో ఏం బాగుంటుంది?"

అంటూనే లేచి, కాగుతున్న ఇస్త్రీపెట్టె తెచ్చి కోటు రెండో చేతి మీద పెట్టాడు. మాస్టరు లాగబోతే మణికట్టు పట్టుకున్నాడు.

"నాకు ఏ కొట్లో అయినా ఒక మిషను దొరుకుతుంది. నీకు ఇంకో బల్ల ఎవడిస్తాడు?"

ఆ లెక్కలో తప్పు లేదు. మాస్టరుకు భయం వేసింది అందుకే.

ఉన్ని కాలిన కంపు ముందుగదికి పాకింది. యజమాని పరుగున వచ్చాడు. పరాకున పెట్టేశానన్నాడు బావమరిది. యజమాని మాస్టరు వైపు తిరిగి, నిజమేనా అని అడిగాడు. ముగ్గురి మధ్యా పొగ మెల్లగా పైకి లేస్తోంది. మాస్టరు అవునన్నట్టు తలూపాడు. ఇరవై ఏళ్లలో బావమరిది మాటకు అతను ఒప్పుకున్నది అదే మొదటిసారి.

అలాంటి గుడ్డ కోసం బజారుకు పరుగెత్తుతూ, తాను తిరిగొచ్చేసరికి ఆ మిషను ఖాళీగా ఉండాలన్నాడు యజమాని. బావమరిది టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

"ఇక కాలర్లు నువ్వే చూసుకోవాలి. వేలితో చూడు, కన్నుతో కాదు," అని ఎండలోకి దిగిపోయాడు.

కొత్త గుడ్డను తడిమి తడిమి మాస్టరు ఎడమ చెయ్యి తీశాడు. పైపైన కుట్లు కూడా తనే వేశాడు. ఐదింటికి వచ్చినవాడు అద్దం ముందు రెండుసార్లు తిరిగి, బాగుందన్నాడు.

ఆ రోజుకు మాస్టరుకు బల్ల దక్కింది, పేరు దక్కింది. ఇంట్లో పెళ్లానికి చెప్పుకోవలసిన మాట ఒకటి కాస్తా రెండయింది. చెత్తబుట్టలో ఆ కుడి చెయ్యి, మధ్యన ఇస్త్రీపెట్టె ఆకారంలో మాడి, ఇంకా కొంచెం వాసన వేస్తోంది.