గంజి విడిచిన గుడ్డ

వీధి వీధంతా మరమగ్గాలు దడదడలాడుతుంటే, సాయన్న ఇంట్లో ఒక్క చేతిమగ్గం టకటకమంటోంది. పేక దారం మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెడుతోంది. అరవై నాలుగేళ్ల మనిషి, వంగిన వీపు, బొటనవేలి పక్కన నూలు కోసిన పాత గీత. వెండిపూత దారం మరమగ్గం మీద పుటుక్కున తెగుతుందని, మూలన పడ్డ చేతిమగ్గానికి మళ్లీ పని చెప్పింది రజని. కోరుట్ల పిల్ల. జగిత్యాలలో చిన్న గది తీసుకుని, ఒత్తితే తెలిసే గుడ్డలు తయారుచేస్తోంది.

ఈ గుడ్డను మంచం మీద పరుస్తారు. రెండు పొరలు, మధ్యన చిల్లుల స్పాంజి. మనిషి పడుకుంటే ఆ బరువుకు పై దారం కింది దారాన్ని తాకి, పక్క గదిలో దీపం వెలుగుతుంది. లేస్తే ఆరిపోతుంది.

అది విన్నరోజే సాయన్న మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. మూడేళ్ల కింద, పక్షవాతం వచ్చిన భార్య సుమిత్ర మంచం దిగబోయి పడిపోయింది, మళ్లీ లేవలేదు. పక్క గదిలోనే ఉన్నాడు. అప్పుడు నడుపుతున్న మరమగ్గం మోతలో ఆమె పిలుపు వినపడలేదు. ఇప్పుడు కూర వండితే ఉప్పు చూడమనడానికైనా ఇంట్లో మనిషి లేదు.

పదింటికి రజని వచ్చింది. పొరలు పేర్చి, తీగలు తగిలించి, అరచేత్తో ఒత్తింది. దీపం వెలగలేదు. గుడ్డను నలిపి చూస్తే పెళపెళలాడింది.

"పెద్దబాపూ, దారానికి గంజి పెట్టినవా?"

"పెట్టకుంటె పడుగెట్ల నిలుస్తది బిడ్డ?"

"గంజిలకెళ్లి కరెంటు పోదు. రేపే దవాఖానల సూపియ్యాలె."

సాయన్న ముఖం చిన్నబోయింది. పదేళ్లప్పటి నుంచి దారం కనబడితే గంజి పెట్టిన చేతులాయె, వాటికెవరు చెప్పాలి!

"నువ్వు పోయి నీ పని సూస్కొని రా. నాలుగింటికల్ల నేను సూస్త."

గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పసిపిల్లకు తలంటినట్టు మెల్లగా గంజి విడిపించాడు. మూడుసార్లు నీళ్లు మార్చాడు. ఎడమచెయ్యి పొద్దుటినుంచీ గుంజుతూనే ఉంది, లెక్కచేయలేదు. గుడ్డ ఆరాక లోపలి గదిలో సుమిత్ర మంచం మీద పొరలు పరిచి, పొడవాటి తీగను మగ్గం దగ్గరి దీపం దాకా లాగాడు. ఒత్తిపెట్టి ఉంచడానికి తనకు బదులు ఇంకెవరున్నారు? నాడె తెచ్చి గుడ్డ మీద పెట్టి, ఇవతలికి వచ్చాడు.

దీపం వెలుగుతోంది.

మగ్గం మీద కూలబడి దాన్నే చూశాడు. కళ్లు నిండాయి.

"ఇగ నాకు తెలుస్తది సుమిత్రా," అన్నాడు.

నాలుగు దాటాక వచ్చిన రజని గడపలోనే దీపం చూసి నవ్వింది. "వెలిగింది గద పెద్దబాపూ."

మగ్గానికి తల ఆనించి కూర్చున్న సాయన్న పలకలేదు. భుజం తట్టబోయి, ఆ చల్లదనానికి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇరుగుపొరుగు మరమగ్గాలు ఆపి వచ్చారు. వాళ్లు ఆయన్ని వాకిట్లోకి మోసుకెళ్లాక కూడా దీపం ఆరలేదు. లోపల సుమిత్ర మంచం మీది నాడెను ఎవరూ తీయలేదు.