పేరు, ఊరు, రంగు

హార్‌గ్రోవ్ స్టేట్ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుది ఎరుపు. వెల్డన్ యూనివర్సిటీ వాళ్ళది నీలం. రెండింటికీ మధ్య ఎనిమిది మైళ్ళ రోడ్డు, ఆ రోడ్డుకు సరిగ్గా నడుమ బ్రాంట్ ఫెర్రీ అనే ఊరు. అక్కడ సంబంధం కలుపుకునేటప్పుడు ఏ చర్చికి వెళ్తారని తర్వాత అడుగుతారు, ముందు ఏ రంగని అడుగుతారు. అయినా ఒక్కోసారి పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. వెర్లీన్ హాబ్స్ పెళ్ళి అలాంటి పొరపాటే. పుట్టుకతో ఎరుపు మనిషి, ముప్ఫై నాలుగేళ్ళ క్రితం గార్లాండ్ అనే నీలం మనిషిని చేసుకుంది. బాస్కెట్‌బాల్ రోజులు రాగానే ఆయన రేడియో పెరట్లోని షెడ్డులోకి పోతుంది, దాని వెనకే ఆయన భోజనమూ పోతుంది.

వెర్లీన్ హైస్కూలు క్యాంటీన్లో ఇరవై రెండేళ్ళుగా వడ్డిస్తోంది. చెయ్యి మంచిదే, నోరే కాస్త దురుసు. "పాపం, దేవుడు చల్లగా చూడాలి" అని ఎవరి గురించైనా మొదలుపెట్టిందంటే ఆ వెనక వచ్చేది మంచి మాట కాదని ఊరందరికీ తెలుసు. నిజానికి ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళందరూ అలాగే మొదలుపెడతారు. కాకపోతే వెర్లీన్ 'పాపం' తర్వాత ఒక నిట్టూర్పు కూడా కలుపుతుంది.

ఆ ఏడాది బడిలో కేసియా బ్రిట్ అనే పిల్ల ఉంది. ఆరడుగుల మీద రెండంగుళాలు. బంతి చేతికందితే బుట్టలో పడిందన్నమాటే. వాళ్ళమ్మ కోళ్ళ ఫ్యాక్టరీలో చల్లటి గదిలో నిలబడి కోడి తొడలు కోస్తుంది. ఆట మీద స్కాలర్‌షిప్పు వస్తే కేసియా నర్సు చదువు చదువుతుంది, రాకపోతే జూన్ నెలలో వాళ్ళమ్మ పక్కన నిలబడుతుంది. ఇందులో దాపరికమేమీ లేదు, ఆ పిల్లే నవ్వుతూ చెప్పేది. ఎరుపు కోచ్ ఉత్తరాలు రాశాడు. నీలం కోచ్ కూడా రాసింది. ఊరంతా ఎటు, ఎటు అని ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది.

అక్టోబరు చివర్లో ఒక మధ్యాహ్నం కేసియా మోకాలికి ఐసు సంచీ కట్టుకుని వరసలో నిలబడింది.

"ఏమైందే కాలికి?" అంది వెర్లీన్, గరిటె గాల్లోనే ఆపి.

"బస్సు మెట్టు మీద జారాను మిస్ వెర్లీన్. డాక్టరు చూశాడు, రెండ్రోజుల్లో పోతుందన్నాడు." తర్వాత కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించింది. "మీకొకటి చెప్తాను, కోప్పడకూడదు. నేను వెల్డన్‌కే వెళ్తాను. అక్కడ నర్సింగ్ బాగుంటుందట. ఇంకా ఎవరికీ చెప్పలేదు, మీకే ముందు."

వెర్లీన్ నవ్వింది. కోపమేం లేదంది. కాని లోపల కుతకుతలాడిపోయింది. తొమ్మిదో తరగతి నుంచీ తన చేత్తో పెట్టింది తిని పెరిగిన పిల్ల, ఆ పొడవంతా తన చిక్కుడుగింజల కూర పెట్టిన పొడవేనని వెర్లీన్ లెక్క. ఆ పిల్ల పోయి నీలం బనీను తొడుక్కోవడమా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేననుకుంది. ఎరుపు వాళ్ళు నీలం వాళ్ళను ఓడించి ఆరేళ్ళైంది మరి.

మంగళవారం సాయంత్రం ఆరింటికి రేడియోలో నీలం మనిషి చెట్ ర్యాంకిన్ కార్యక్రమం వస్తుంది. అభిమానులు ఫోన్లు చేసి తిట్టుకునే కార్యక్రమం. దానికి ఒక్కటే నియమం. ఫోను చేసినవాళ్ళు ముందు పేరు, ఊరు, రంగు చెప్పాలి. రంగు చెప్పకపోతే చెట్ ఫోను పెట్టేస్తాడు. వెర్లీన్ వంటింటి గోడ మీది ఫోను అందుకుంది. ఎరుపు మనిషి చెప్తే నీలం వాళ్ళు నమ్మరని ఆమెకు తెలుసు. అందుకని, యాభై ఎనిమిదేళ్ళ బతుకులో ఎన్నడూ అనని మాట అంది.

"డోరిస్. వెల్డన్ పక్కనే. నీలం."

"చెప్పండి డోరిస్ అమ్మా!"

"ఆ బ్రిట్ వాళ్ళ పిల్ల ఉంది కదా... పాపం, హుఁ, దేవుడు చల్లగా చూడాలి. మోకాలు పోయిందట. లోపల నరం తెగిందట. ఇంట్లోవాళ్ళు దాస్తున్నారు. నాకు తెలిసినవాళ్ళు కళ్ళారా చూశారు. మనవాళ్ళు మోసపోతారేమోనని నా బాధ."

ఫోను పెట్టేసి చేతులు కడుక్కుంది. నీలం వాళ్ళు బెదిరి వదిలేస్తే పిల్ల మనకే మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదు అనుకుంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని ఊరికే అనలేదు పెద్దలు. ఇక్కడ కాలు జారింది ఒకరిది, నోరు జారింది ఇంకొకరిది.

గురువారం కేసియా ఇంటికి రావాల్సిన నీలం కోచ్ మానుకుంది. ఆ సాయంత్రం వెర్లీన్ ఎర్ర స్వెటరు తీసి తొడుక్కుంది కూడా. కాని రేడియో ఎరుపు కోచ్ ఇంట్లోనూ మోగుతుంది. నీలం వాళ్ళు వదిలేసిన సరుకు మనకెందుకన్నాడట. శనివారం నుంచి అటువైపు ఫోన్లూ ఆగిపోయాయి. పిల్ల రెంటికీ చెడ్డ రేవడైంది.

"అమ్మ డాక్టరు కాగితం పంపింది మిస్ వెర్లీన్, ఇద్దరికీ," అంది కేసియా సోమవారం వరసలో. మోకాలికి ఏ సంచీ లేదు, కుంటడమూ లేదు. "చదివే తీరిక ఎవరికుంది? వచ్చే వారమే పిల్లలు కాలేజీలకు సంతకాలు పెట్టేది. వెల్డన్ వాళ్ళు ఒహాయోలో ఇంకో అమ్మాయిని చూసుకుంటున్నారట."

మొక్కజొన్న రొట్టె తలకొక ముక్కే పెట్టాలని బడి రూలు. వెర్లీన్ కేసియా కంచంలో రెండు పెట్టింది. ఒకటి పైన, ఒకటి కూర కింద కనపడకుండా. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. రెండో ముక్క బయటపడినప్పుడల్లా పిల్ల తలెత్తి నవ్వేది. ఆ నవ్వు చూస్తే వెర్లీన్‌కు ఎక్కడైనా దాక్కోవాలనిపించేది. చేసింది పాపమని తెలుసు, రొట్టెముక్కతో తీరే పాపం కాదనీ తెలుసు. అయినా పెట్టకుండా ఉండలేకపోయేది.

పై సోమవారం రాత్రి భోజనాల దగ్గర గార్లాండ్ ఉప్పు అందుకుంటూ అడిగాడు.

"డోరిస్‌కి ఎలా ఉంది?"

"ఏ డోరిస్?"

"వెల్డన్ పక్కన డోరిస్. నీలం మనిషి. పాపం అన్నాక నిట్టూరుస్తుంది."

వెర్లీన్ చేతిలో ఫోర్కు ఆగిపోయింది. షెడ్డులోనూ రేడియో ఉందన్న సంగతి ఆమెకు ఆ రోజు తట్టనే లేదు.

"ముప్ఫై నాలుగేళ్ళుగా నీ నోటి నుంచి ఆ మాట వినాలని చూశాను వెర్లీ," అన్నాడు గార్లాండ్. "చివరికి ఇలాంటి పనికోసం విన్నాను."

"అప్పుడే ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని చూశా. ఈ రోజు చెప్తావు, రేపు చెప్తావు అని. నాదీ తప్పే."

"ఆ పిల్ల నన్ను చూసి నవ్వుతోంది గార్లాండ్. నాకు ముద్ద దిగట్లేదు." ఆమె కళ్ళు తుడుచుకుంది. "చెప్తే ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ. మనకి తిండికి లోటు లేదు. ఆ పిల్లకి పోయేది ఏంటో నీకు తెలుసు కదా."

మంగళవారం ఆరు కొట్టగానే వెర్లీన్ మళ్ళీ అదే ఫోను అందుకుంది. గార్లాండ్ వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. షెడ్డులో రేడియో పెద్దగా మోగుతోంది.

"పేరు, ఊరు, రంగు?"

"వెర్లీన్ హాబ్స్. బ్రాంట్ ఫెర్రీ. ఎరుపు. కేసియా బ్రిట్ మోకాలు బాగుందండీ. ఏమీ కాలేదు. ఆ రోజు చెప్పిందంతా అబద్ధం."

చెట్ పకపకా నవ్వాడు. "అబ్బో! మొన్న మన నీలం డోరిస్‌గారు జాగ్రత్త అని చెప్తే, ఈరోజు ఎరుపు వెర్లీన్‌గారు వచ్చి ఏం పర్లేదు తీసుకోండి అంటున్నారు. కుంటి గుర్రాన్ని నీలం వాళ్ళకి అంటగడదామనా తల్లీ?"

"ఆ డోరిస్‌ని నేనే బాబూ!"

"అలాగలాగే. నేనేమో గవర్నర్ని. మీ ఎరుపు వాళ్ళ తెలివి—"

అబద్ధం చెప్పిన రోజు ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నిజం చెప్తుంటే నవ్వుతున్నారు. గార్లాండ్ వచ్చి ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"చెట్, పెట్టెయ్యకు. గార్లాండ్ హాబ్స్. బ్రాంట్ ఫెర్రీ. నీలం."

"ఓ, గార్లాండ్! చెప్పన్నా."

"ఇప్పటిదాకా మాట్లాడింది నా భార్య. డోరిస్ కూడా ఈమే. ఆ రోజు అబద్ధమాడింది, ఈ రోజు నిజం చెప్తోంది. ఆ పిల్లని కుంటి గుర్రమన్నావు చూడు, ఆ మాట వెనక్కి తీసుకో."

షెడ్డులోంచి గరగర తప్ప ఏమీ వినపడలేదు.

"తీసుకున్నానన్నా," అన్నాడు చెట్ చివరికి. "నీలం మనిషివి నువ్వే చెప్తున్నావంటే నిజమే అయ్యుండాలి."

ఆ మాటకు వెర్లీన్ సిగ్గుపడింది. తన నిజానికి కూడా మొగుడి రంగు అరువు తెచ్చుకోవాల్సి వచ్చింది.

బుధవారం పొద్దున్నే ప్రిన్సిపాల్ పిలిచింది. శుక్రవారం స్కూల్ బోర్డు కూర్చుంటుందనీ, ఉద్యోగం సంగతి వాళ్ళే తేలుస్తారనీ, అప్పటిదాకా పని చెయ్యమనీ చెప్పింది. వెర్లీన్ తల ఊపింది. ఆమె లేవబోతుంటే ప్రిన్సిపాల్ ఇంకో మాట అంది. వెల్డన్ నుంచి ఫోను వచ్చిందట. ఒహాయో పిల్ల ఇంకా సంతకం పెట్టలేదు, శుక్రవారమే ఒక అసిస్టెంట్ కోచ్ వచ్చి కేసియా ఆట చూస్తుందట.

మధ్యాహ్నం వరసలో కేసియా వచ్చింది. వెర్లీన్ చెయ్యి అలవాటు చొప్పున ఒక ముక్క పైన పెట్టింది, ఒకటి కూర కింద దూర్చింది.

"కేసియా, నేను..."

"విన్నాను మిస్ వెర్లీన్. బామ్మ రేడియో పెట్టింది." పిల్ల గొంతులో కోపం లేదు. కోపమున్నా బాగుండేది. "శుక్రవారం వాళ్ళు వస్తున్నారు. మీరు ఫోను చేసినందుకు థాంక్స్ చెప్పమంది అమ్మ."

తర్వాత కూర కిందినుంచి రెండో ముక్క వేళ్ళతో తీసింది. దానికంటిన పులుసును కంచం అంచుకు తుడిచి, ముక్కను తెచ్చి వెర్లీన్ ముందున్న పళ్ళెంలో పెట్టింది.

"ఇది నామీద ఇష్టం కొద్దీ పెడుతున్నారనుకున్నాను," అంది.

కంచం పట్టుకుని వెళ్ళిపోయింది, ఏమాత్రం కుంటకుండా. వెనకనున్న పిల్లలు త్వరగా కానివ్వమన్నారు. వెర్లీన్ గరిటె తీసుకుని తర్వాతి కంచంలో కూర వేసి, రొట్టె ఒక్క ముక్క పెట్టింది.