గాలి తిని బతికేది

చిక్కమునియప్ప జాడీ మూత తిప్పి, తగ్గినంత మేరకు ఫార్మలిన్ పోశాడు. ఘాటుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముప్పై రెండేళ్ళుగా అతను కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో అటెండర్; అన్నం కలుపుకునేటప్పుడు కూడా ఆ వాసన వేళ్ళను వదిలేది కాదు. పాము, తేలు జాడీలు అయ్యాక ఊసరవెల్లి దగ్గర చెయ్యి ఆగింది. రంగులన్నీ పోయి అది నానిన అట్టముక్కలా ఉంది. ఈ రోజుతో అతని ఉద్యోగం అయిపోతుంది.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, వర్తూరు రోడ్డు మీద దెబ్బ తగిలి పడివుంటే దాన్ని ఎవరో తెచ్చిచ్చారు. అప్పుడే చేరిన లెక్చరర్ నేత్రావతి దాన్ని గూట్లో పెట్టి, "దసరా సెలవులు అయ్యేదాకా చూసుకోండి, కోలుకున్నాక వదిలేద్దాం" అని మైసూరు వెళ్ళిపోయింది. అతను రోజూ వచ్చి నీళ్ళు చిలకరించేవాడు. తిండి పెట్టలేదు. వాళ్ళమ్మ పాపక్క చిన్నప్పటినుంచీ చెప్పింది: "అది గాలి తిని బతికేదప్పా." ఒక కన్ను ముందుకూ, ఒకటి వెనక్కూ తిప్పుతూ అది కొమ్మను పట్టుకుని ఉండేది. పద్దెనిమిదో నాడు కొమ్మ వదిలేసింది.

నేత్రావతి క్లాసులో దాన్ని కోసింది. ఒంటికన్నా పొడవైన నాలుకను లాగి చూపించింది. పూర్వం యూరప్‌లోనూ ఇది గాలి తింటుందనే నమ్మేవాళ్ళనీ, మూడు శతాబ్దాల కిందట పారిస్‌లో కోసి చూస్తే కడుపులో ఈగలు దొరికాయనీ చెప్పింది. ఆమె ముందున్న కడుపు మాత్రం ఖాళీ. "జబ్బు చేసిందేమో" అంది. తొట్టి దగ్గర చిక్కమునియప్ప తల ఎత్తకుండా కత్తులు కడుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం బీరువా తాళాలు తీసుకోవడానికి నేత్రావతి వచ్చింది. ఆమె జుట్టూ నెరిసింది.

"మేడమ్, ఆ ఊసరవెల్లికి జబ్బేమీ లేదు. నేనే ఏమీ పెట్టలేదు. గాలి తింటాదనుకొంటిని."

ఆమె ఊసరవెల్లి జాడీ వైపు చూసింది. "తెలుసు మునియప్పా. కోసిన రోజే తెలిసింది."

"మరి ఒక్క మాటన్నా అడగలేదే?"

"ఏం పెట్టాలో మీకు చెప్పకుండా ఊరికి పోయింది నేను కదా. అడిగితే నా తప్పూ బయటపడుతుందని ఊరుకున్నాను."

"అడిగుంటే బాగుండు, మేడమ్. ఆ పొద్దే ఏడ్చి ఊరకుందును."

తాళాలు ఆమె చేతిలో పెట్టి, రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని, అతను బస్సుకు వెళ్ళిపోయాడు.

నేత్రావతి ఒక్కొక్క లైటే ఆర్పుకుంటూ వచ్చింది. పోయిన వారం పిల్లలు తెచ్చిన కాలు విరిగిన తొండ మూలన గూట్లో నిద్రపోతోంది. గూటి పక్కన, మూతకు మేకుతో చిల్లులు పొడిచి చిక్కమునియప్ప పెట్టిపోయిన జామ్ సీసా; లోపల తడి గడ్డి మీద నాలుగు మిడతలు, రేపటికి.