గాలి కుదిరిన మధ్యాహ్నం

కంట్లోకి గాలి కొడుతోంది.

మాస్కు అంచు దాటి... సన్నగా, చల్లగా, బుస్సుమంటూ.

బయట గోదావరిఖని ఎండ. కిటికీకి తడి చీర. నైట్ షిఫ్టు దిగి వచ్చిన తీతు, కంపెనీ క్వార్టర్లో, పట్టపగలు నిద్ర కోసం పెనుగులాడుతున్నాడు.

ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపర్ లారీ నడిపేవాడు. ఒకరోజు స్టీరింగు మీదే కన్ను మూతపడింది. మట్టికట్ట అడ్డుపడి బండి ఆగింది.

ఆగకపోతే... ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు.

నిద్రలో గొంతు మూసుకుపోతోందన్నారు డాక్టరు. ఊపిరి ఆగి ఆగి వస్తోందన్నారు. మాస్కులోంచి ముక్కుకు గాలి పంపే మిషను రాశారు. నిద్ర కుదిరేదాకా డంపర్ వద్దన్నారు. కంపెనీవాళ్ళు తీతును గేటు దగ్గర డ్యూటీకి మార్చారు.

మిషను వచ్చింది. నిద్ర రాలేదు.

గాలి కారింది — పట్టీ బిగించాడు. ఇంకా కారింది — ఇంకా బిగించాడు. ముక్కు దూలం మీద పుండు పడింది.

"నాతోని కాదు" అని ఆ రోజు మాస్కు తీసి మంచం కిందికి తోసేశాడు.

భార్య డెబోరా కోప్పడలేదు. వంగి తీసింది. సబ్బునీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టింది.

"రేపు దవాఖానకు పోదాం. పుండు సూపెడదాం. నేను గూడ వస్త."

వెళ్ళారు.

నర్సు సువార్తమ్మ అతన్ని పడుకోబెట్టి, మాస్కు పెట్టి, మిషను నడిపించింది. పట్టీలు వదులు చేసింది.

"అన్నా, కూసోని బిగిస్తున్నవా? పండుకుంటె మొఖం జారుతది. గాలి వస్తుండంగనే సర్దుకోవాలె. గింత బిగుతు పనికిరాదు."

అయినా మీసం సందుల్లోంచి కారుతూనే ఉంది.

తీతు మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. పెళ్ళినాటి నుంచీ ఉన్న మీసం.

"తియ్యాల్నా సిస్టర్?"

ఆమె నవ్వింది. "మీసం ఉండనియ్యి. మాస్కు మారుద్దాం."

కొత్త దానికి రెండు చిన్న మెత్తలు. ముక్కు రంధ్రాలకే ఆనుకుంటాయి. దూలాన్ని తాకవు. మీసం జోలికి రావు.

ఆ మధ్యాహ్నం గాలి కంట్లోకి రాలేదు.

లోపలికే వెళ్ళింది. మెల్లగా. తడితడిగా. గొంతు దాటి... ఛాతీ నిండా.

లేచేసరికి పొద్దు వాలింది. తల తేలికగా ఉంది. దేవునికి స్తోత్రం అనుకున్నాడు. సువార్తమ్మ చేతులను తలుచుకున్నాడు.

డంపర్ మళ్ళీ ఎప్పుడిస్తారో... ఇస్తారో లేదో.

పక్కన డెబోరా. గాఢనిద్రలో. నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా.

తలుపు చప్పుడైంది. పక్కింటి మల్లక్క.

"డెబోరా లేదా?"

"పండుకున్నది అక్కా."

మల్లక్క నమ్మలేదు. లోపలికి తొంగి చూసి, గొంతు తగ్గించింది.

"పండుకున్నదా! నువ్వు నిద్రపోతే నీ ఊపిరి సూసుకుంట కూసునేది గదా. ఆగంగనే కుదుపుతనని చెప్పేది... ఎన్నేండ్ల సంది!"

తీతుకు తెలియదు.

ఇన్నేళ్ళూ... తెలియదు.

గడపలో నిలబడిపోయాడు. కళ్ళు తడిశాయి.

"లేపకు అక్కా," అన్నాడు. "పండుకోనియ్యి."