రాతకు రాని తీర్పు

ఎన్నికల ఫలితం తేలాక ఎల్విన్ హాగ్‌స్ట్రోమ్‌కు తన మనసు మీదే కుతూహలం పుట్టింది. డెబ్బై దాటిన ఫెడరల్ జడ్జికి అది ఆలస్యంగా వచ్చిన జబ్బే.

ఫెడరల్ జడ్జిది జీవితాంతపు పదవి, తేలిగ్గా ఎవరూ దింపలేరు. తనంతట తాను దిగాలి. ఆ ఏడు మార్చిలో ఆయన అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు: నా స్థానంలో మరొకరిని సెనేట్ ఖరారు చేసిన రోజున తప్పుకుంటాను. అధ్యక్షుడు రెనే బిస్సోనెట్ పేరు ప్రతిపాదించాడు. ఆమె ఒకప్పుడు ఎల్విన్ దగ్గర క్లర్కు; ఆయన తీర్పులకు మొదటి ముసాయిదాలు రాసిన మనిషి. ఇప్పుడు వకీలును పెట్టుకునే తాహతు లేని ముద్దాయిల తరఫున వాదిస్తోంది. ఆ పేరు వేసవంతా సెనేట్‌లో నానింది. అంతలో ఎన్నికలు వచ్చి అధ్యక్షుడి పార్టీ ఓడింది. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసేలోగా ఏ పేర్లను ఓటుకు పెట్టాలి, వేటిని వదిలెయ్యాలి అని రెండు పార్టీలూ బేరం కుదుర్చుకున్నాయి. వదిలేసిన పేర్లలో రెనేది ఉంది.

ఉత్తరాన్ని అలాగే ఉంచితే కొత్త అధ్యక్షుడు తన మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెడతాడు. వెనక్కి తీసుకుంటే అసలు ఖాళీయే ఉండదు. మళ్ళీ ఎన్నికలు వచ్చేదాకా, మరో నాలుగేళ్ళు, ఎల్విన్ కొనసాగాలి. చట్టం రెండింటికీ అడ్డు చెప్పదు. అడ్డు లేనిచోటే మనిషి ఏమిటో బయటపడుతుందని ఆయన ఇన్నాళ్ళూ ఇతరుల విషయంలో గమనిస్తూ వచ్చాడు.

మధ్యాహ్నం రేవు పక్క హోటల్లో వెర్నన్ థార్ప్ ఎదురుగా కూర్చున్నాడు. కోర్టులో ఎదుటి గది జడ్జి, ఎదుటి పార్టీ అధ్యక్షుడు నియమించినవాడు. ఒకప్పుడు ఇలాంటి ఉత్తరమే రాసి, తన పార్టీ ఓడగానే వెనక్కి తీసుకున్నవాడు కూడా.

"ఏంట్రా, ఇంకా తేల్చుకోలేదా?" అన్నాడు, సూప్‌లో రొట్టె ముంచుతూ. "బేరంలో మీవాళ్ళు నీ క్లర్కు పిల్లను అమ్మేశారటగా."

"మీవాళ్ళే కొన్నారు."

"అమ్మకానికి పెట్టాక కొనేవాడిదా తప్పు?"

ఎల్విన్ నవ్వాడు. "వెర్నన్, ఒకటడుగుతా, నిజం చెప్పు. నీ ఉత్తరం వెనక్కి తీసుకున్నరోజు ఏమనుకున్నావు?"

"ఏమీ అనుకోలేదు. 'పునరాలోచించిన మీదట' అని రాయించాను. పునరాలోచన సంగతి దేవుడెరుగు, మొదటి ఆలోచనే చెయ్యలేదు. సాయంత్రం హాయిగా చేపలు పట్టుకోడానికి పోయాను."

"సిగ్గనిపించలేదూ?"

"నా తరఫున నువ్వు పడ్డావుగా! చలికాలమంతా నాతో మాట్లాడలేదు. ఒక్క పనికి ఇద్దరు సిగ్గుపడ్డం దండగ అనుకున్నా."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"వెనక్కి తీసుకో. మావాళ్ళకి ఒక కుర్చీ పోతే పోయింది. నాకో తోడుదొంగ దొరుకుతాడు."

హాస్యానికే అన్నాడు. కాని దారిలో ఆ మాట ఎల్విన్‌ను వదల్లేదు. అప్పుడు వెర్నన్ చేసింది తప్పు. ఇప్పుడు తాను చేయబోయేది తప్పుగా తోచడం లేదు. రెండు పనులకూ తేడా చేసినవాడిలోనే ఉందా, లేక చూసే కంట్లోనా? జవాబు కన్నా ఆ ప్రశ్న తనకు ఇన్నాళ్ళూ తట్టకపోవడమే ఆయనకు వింతగా తోచింది.

ఆ వృత్తిలో ఒక పాత పద్ధతి ఉంది. తీర్పు మనసులో ఎంత గట్టిగా కుదిరినా, కారణాలు కాగితం మీద పెట్టబోతే ఒక్కోసారి అవి నిలవవు. 'ఇది రాతకు రావడం లేదు' అంటారు జడ్జీలు. అప్పుడు కారణాలకు మెరుగు పెట్టరు, తీర్పునే మారుస్తారు. ఎల్విన్ కూడా అలా మార్చినవాడే. కాబట్టి తలుపు మూసుకుని, ఉత్తరాన్ని ఎందుకు వెనక్కి తీసుకుంటున్నాడో తీర్పులాగే రాయడానికి కూర్చున్నాడు.

కోర్టులో పని భారం పెరిగిందని రాశాడు. మార్చిలోనూ ఇంతే భారం ఉంది, కొట్టేశాడు. తన తర్వాతి జడ్జిని ఎంపిక చేసే చెయ్యి మారిందని రాశాడు. అది నిజమే. కాని ఆ వాక్యం కింద తన సంతకాన్ని ఊహించుకుంటే, రేపు తన ఎదుట నిలబడే ప్రతి కక్షిదారూ అది చదివి 'ఈయన ఎవరి జడ్జి?' అని అడగవచ్చు. అదీ కొట్టేశాడు.

ఆపైన మార్చిలో ఉత్తరం ఎందుకు రాశాడో గుర్తుచేసుకోక తప్పలేదు. విచారణలో ఒక సాక్షిని ఆయన ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. అడిగిన సంగతి ఆయనకు గుర్తులేదు. తన మొదటి జవాబు తప్పేమోనని ఆమె బెదిరి రెండోసారి మార్చి చెప్పింది. పొరపాటును ఆ పూటే సరిదిద్దారు. వారం తిరక్కుండా ఆయన ఆ ఉత్తరం రాశాడు, కారణం ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం రెనే వచ్చింది. కోటు విప్పలేదు.

"జడ్జిగారూ, నాకోసం కుర్చీ పట్టుకుని కూర్చోమనడానికి రాలేదు. నాలుగేళ్ళకి నా పేరు ఎవరికి గుర్తుంటుంది? కానీ రేపు వచ్చేవాడి ముందు నిలబడేది నా ముద్దాయిలు. మీరు కాదు."

"వచ్చేవాడు చెడ్డవాడని నీకెలా తెలుసు?"

"మంచివాడని మీకెలా తెలుసు?"

"తెలీదు."

"మరి? మీ చేతులు శుభ్రంగా ఉండటానికి నీళ్ళు మావాళ్ళు మొయ్యాలా?"

ఎల్విన్ పసుపు కాగితాల బొత్తిని ముందుకు తోశాడు.

"నువ్వు రాయి."

"ఏంటి?"

"వెనక్కి తీసుకునే ఉత్తరం. తీర్పులా రాయి, ఒకప్పుడు నాకు రాసిచ్చినట్టు. రాతకొస్తే సంతకం పెడతాను."

"మళ్ళీ క్లర్కు ఉద్యోగమా నాకు?" అంది గాని, ఆమె ముఖంలో ఎగతాళి ఆగిపోయింది. సంతకం విషయంలో ఆయన ఎన్నడూ పరిహాసమాడలేదని ఆమెకు తెలుసు. బొత్తి తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

కిటికీ అవతల ఇనపరాయి మోసే ఓడ ఒకటి రేవులోకి వస్తోంది. ఎల్విన్ దాన్ని చూస్తూ తన లోపలికి చెవి పెట్టాడు. ఆమెకు రాత కుదరాలని కోరుకుంటున్నాడు. కుదరకూడదనీ కోరుకుంటున్నాడు. రెండింటిలో ఏది తన అసలు గొంతో పోల్చుకోలేకపోయాడు. ఇన్నేళ్ళు ఇతరుల ఉద్దేశాలను ఏ ధైర్యంతో తేల్చి చెప్పానా అనుకున్నాడు.

వీధిదీపాలు వెలిగే వేళకు రెనే బయటికి వచ్చింది. కోటు చేతి మీద ఉంది.

ఆయన చదివాడు. రాత పదునుగా ఉంది. నిండు ఆరోగ్యంతో ఉన్న జడ్జి సిగ్గుపడకుండా సంతకం పెట్టగల కారణాలు: జిల్లా అవసరాలు, ఆగిపోయిన విచారణలు, సెనేట్ బాధ్యత వదిలేసిన తీరు. అతుకు ఎక్కడా వదులుగా లేదు. చివరి పేజీలో మాత్రం మధ్యన ఒక వాక్యం మేర ఖాళీ ఉంది.

"ఇదేమిటి?"

"ఎవరైనా తన నిర్ణయాన్ని తానే తిప్పేసుకుంటే, ఏం మారిందో చెప్పాలి కదా. మీరు నేర్పిందే. మార్చిలో మీకేదో కారణం ఉండుంటుంది. అది ఇప్పుడు లేదని అక్కడ రాయాలి." ఆమె ఆయన కళ్ళలోకి చూసింది. "ఏంటని అడగను. పోయిందా, జడ్జిగారూ?"

'పోయింది' అంటే చాలు. ఆమె ఆ వాక్యం నింపుతుంది; తాను సంతకం చేస్తాడు.

"పోలేదు," అన్నాడు ఎల్విన్.

రెనే కాగితాలు ఆయన చేతిలోంచి తీసుకుని బల్ల మీద తట్టి అంచులు సరిచేసింది.

"అయితే ఇది తీర్పు కాదు. వాదన. వాదన ఎవరికైనా రాసిపెట్టగలను, అదే నా బతుకు."

"రెనే..."

"వద్దులెండి. 'బాగా రాశావు' అన్నారంటే మాత్రం ఏడుస్తాను." కాగితాలు సంచిలో పెట్టుకుంది. "ఇందులో రెండు పేరాలు పనికొస్తాయి. మీ కుర్చీలోకి వచ్చే మహానుభావుడి ముందు వాడుకుంటాను."

ఎల్విన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.